టమాట పూత నిండుగా ఉంది, పిందె మాత్రం పడడం లేదు. వేడి వల్లేనా?

మదనపల్లె టమాట | ఏప్రిల్ 22, రాత్రి 8:14

అందరికీ నమస్కారం. కురబలకోట దగ్గర ఎకరంన్నరలో టమాట పెట్టాను. ఫిబ్రవరి 26న నారు నాటాను. డ్రిప్పు, మల్చింగ్ షీటు, కర్రలు పాతి తీగలు కట్టడం, అన్నీ పద్ధతిగానే చేశాను. మొక్క చూస్తే దిష్టి తగిలేలా ఉంది. పూత కూడా గుత్తులు గుత్తులుగా వస్తోంది. కానీ పది రోజుల నుంచి ఒకటే వరస. పువ్వు విచ్చుకుంటుంది, రెండు మూడు రోజులకు కాడ పసుపురంగుకు తిరుగుతుంది, కాడ మధ్యలో ఉండే ముడి దగ్గర పుటుక్కున తెగి రాలిపోతుంది. పొద్దున్నే సాళ్ల మధ్య నడిస్తే షీటు మీద పసుపు చల్లినట్టు ఉంటోంది.

మొదటి రెండు గుత్తులు బాగానే పిందె పట్టాయి. మూడో గుత్తి నుంచే ఈ గొడవ. మందుల షాపులో అడిగితే పూత రాలకుండా ఆపే ప్లానోఫిక్స్ అనే మందు ఇచ్చారు, కొట్టాను. వారం ఆగి మళ్లీ కొట్టాను. తర్వాత పూత నిలబడే టానిక్ అని రెండు సీసాలు ఇచ్చారు. మొత్తం 3,400 రూపాయలు అయింది, తేడా లేదు. పక్క చేలో మా చిన్నాన్న జనవరి మొదట్లో నాటాడు. ఆయన చెట్లు కాయల బరువుకు వంగిపోయాయి. అదే నేల, అదే బోరు నీళ్లు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

---

పచ్చిమిర్చి పల్నాడు | ఏప్రిల్ 22, రాత్రి 8:52

అన్నా, ముందు తామర పురుగు ఉందేమో చూడు. 2021లో మాకు మిర్చిలో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు మేం కూడా ఎండకు పూత రాలుతోందని అనుకుని పది రోజులు పోగొట్టుకున్నాం. పువ్వులు ఒక పది కోసి, తెల్ల కాగితం మీద గట్టిగా తట్టు. సన్నటి గీతల్లాంటివి పాకుతూ కనిపిస్తే పురుగు. ఏమీ పాకకపోతే వేరే కారణం.

---

కొత్త సాగు | ఏప్రిల్ 22, రాత్రి 9:05

బోరాన్ లోపం. లీటరుకు 1 గ్రాము బోరాన్ కొట్టండి, పూత ఆగుతుంది.

---

సూక్ష్మదర్శిని | ఏప్రిల్ 22, రాత్రి 10:31

నేను ఉద్యాన కళాశాల ల్యాబ్‌లో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. పూలు, పుప్పొడి చూడడమే నా పని. బాబూ, రెండు విషయాలు చెప్పు. మూడో గుత్తిలో పూలు ఏ తారీఖున విచ్చుకోవడం మొదలైంది? దానికి పది రోజుల ముందు నుంచి మీ ఊళ్లో పగలు ఎంత వేడి, రాత్రి ఎంత వేడి? పువ్వు రాలిన రోజు వేడి నాకు అక్కర్లేదు. దానికి ముందు పది, పన్నెండు రోజుల లెక్క కావాలి.

---

మదనపల్లె టమాట | ఏప్రిల్ 23, ఉదయం 6:40

సార్, ఇప్పుడే చేలోంచి వచ్చాను. పల్నాడు అన్న చెప్పినట్టు కాగితం మీద తట్టాను. ఒకటీ అరా తప్ప పురుగు లేదు.

మూడో గుత్తి ఏప్రిల్ 9, 10 తారీఖుల్లో విచ్చింది. డ్రిప్పు రోజూ రాసుకునే నోటుబుక్కులో ఫోన్లో చూసిన వేడి కూడా పక్కన రాస్తాను. మార్చి 28 దాకా రాత్రి 20, 21 ఉంది. 30 నుంచి ఒక్కసారిగా 24, 25కు పోయింది. పగలు 37, 38. అప్పటి నుంచి ఇప్పటిదాకా తగ్గలేదు.

---

సూక్ష్మదర్శిని | ఏప్రిల్ 23, ఉదయం 9:20

నోటుబుక్కు రాసే అలవాటు ఉన్నందుకు నిన్ను మెచ్చుకోవాలి. అందులోనే నీ ప్రశ్నకు జవాబు ఉంది.

నువ్వు చూస్తున్నది విచ్చుకున్న పువ్వును. దెబ్బ తగిలింది మాత్రం అది మొగ్గగా ఉన్నప్పుడు. టమాటలో పువ్వు విచ్చడానికి సుమారు 8, 9 రోజుల ముందు, మొగ్గ ఇంకా ఆకుపచ్చగా, పెసరగింజ కంటే కాస్త పెద్దగా ఉన్నప్పుడు, లోపల కేసరాల సంచుల్లో పుప్పొడి కణాలు పుడతాయి. తల్లి కణం విడిపోయి నాలుగు పిల్ల కణాలయ్యే సమయం అది. వాటికి తిండి పెట్టేది సంచి లోపలి గోడకు ఉండే ఒక సన్నటి పొర. వేడికి ముందుగా పాడయ్యేది ఆ పొరే. అది వేళకు ముందే చితికిపోతుంది, లేదా కరగాల్సిన వేళకు కరగదు. అప్పుడు పిల్ల కణాలు ఆకలితో ఎండిపోతాయి. బతికిన వాటిలో కూడా పిండిపదార్థం, చక్కెర సరిగా చేరవు. పుప్పొడి కణం కీలాగ్రం (పువ్వు మధ్యలో పుప్పొడిని అందుకునే కొన) మీద పడ్డాక మొలకెత్తి, గొట్టంలా పెరిగి, అండం దాకా పోవాలి కదా. ఆ ప్రయాణానికి చద్దిమూట ఆ చక్కెరే. మూట లేకుండా బయల్దేరిన కణం మధ్యలోనే ఆగిపోతుంది.

నీ లెక్క చూడు. మార్చి 30న రాత్రి వేడి పెరిగింది. అప్పటికి పెసరగింజంత ఉన్న మొగ్గలు ఏప్రిల్ 8, 9 తారీఖుల్లో విచ్చాయి. మొదటి రెండు గుత్తులు అంతకుముందే ఆ దశ దాటేశాయి కాబట్టి పిందె పట్టాయి. మీ చిన్నాన్న చేను కూడా అంతే. ఆయన జనవరిలో నాటాడు కాబట్టి ఆయన పుప్పొడి చల్లటి రాత్రుల్లో తయారైంది.

ప్లానోఫిక్స్ తప్పు మందు కాదు. కాడ ముడి దగ్గర తెగిపోకుండా కొంత ఆపుతుంది. మిర్చిలో 4.5 లీటర్లకు 1 మి.లీ. చొప్పున వాడతారు. కానీ చచ్చిన పుప్పొడిని అది బతికించలేదు. గర్భం కట్టని పువ్వును చెట్టు ఎందుకు మోస్తుంది?

బోరాన్ గురించి కూడా ఒక మాట. పుప్పొడి గొట్టం పెరగడానికి బోరాన్ కావాల్సిందే. ల్యాబ్‌లో పుప్పొడి మొలకెత్తించే ద్రావణంలో కూడా చక్కెర, కాల్షియం నైట్రేట్‌తో పాటు బోరిక్ యాసిడ్ కలుపుతాం. లోపం ఉన్న నేలల్లో కొడితే మంచిదే. అయితే గొట్టం పెరగాలంటే ముందు బతికున్న కణం ఉండాలి.

---

మిద్దెతోట అక్క | ఏప్రిల్ 23, మధ్యాహ్నం 1:15

సార్, ఇది చదువుతుంటే పోయిన మే నెల కళ్ల ముందు తిరిగింది. మాది హైదరాబాద్, మూడో అంతస్తు మీద డాబా. పిందె పడడం లేదని ఎవరో చెబితే ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ కొని, రోజూ పొద్దున్నే ప్రతి పువ్వు వెనక ఆనించి కంపనం ఇచ్చాను. చలికాలంలో అలా చేస్తే కింద పట్టిన నల్లగుడ్డ మీద పసుపు పొడి రాలేది. మేలో నెల రోజులు చేసినా గుడ్డ మీద ఒక్క చుక్క పొడి పడలేదు. నా చేతిలోనే లోపం ఉందనుకున్నాను. జూన్‌లో వానలు మొదలయ్యాక, రెండు వారాలకు ఏమీ చేయకుండానే పిందెలు వచ్చాయి. ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

---

సూక్ష్మదర్శిని | ఏప్రిల్ 23, మధ్యాహ్నం 2:40

అమ్మా, మీరు చేసింది మంచి పరీక్ష. టమాట కేసరాలు అన్నీ కలిసి ఒక గొట్టంలా ఉంటాయి, పుప్పొడి దాని లోపలి వైపుకు రాలుతుంది. అది బయటికి రావాలంటే కదలిక కావాలి. పొలంలో గాలి ఆ పని చేస్తుంది. భ్రమరాలు, నీలి చారల తేనెటీగలు పువ్వును పట్టుకుని జుమ్మని రెక్కల కండరాలు ఆడించి పొడి దులుపుకుంటాయి. మన మామూలు తేనెటీగ అలా చేయలేదు. అందుకే టమాటకు తేనెపెట్టెలు పెట్టినా పెద్ద లాభం ఉండదు. కానీ ఎంత ఊపినా సంచిలో సరుకు ఉండాలి. వేడికి రెండు రకాలుగా నష్టం వస్తుంది: పొడి తగ్గుతుంది, ఉన్నా సంచి పగలదు.

ఇంకోటి కూడా గమనించండి. ఎక్కువ వేడిలో కొన్ని రకాల్లో కీలం (కీలాగ్రాన్ని మోసే సన్నటి కాడ) సాగి, కేసరాల గొట్టం దాటి చిన్న దారప్పోగులా బయటికి పొడుచుకొస్తుంది. పొడి గొట్టం లోపల రాలుతుంది, అందుకోవాల్సిన కీలాగ్రం బయట ఉంటుంది. మామూలు భూతద్దంతోనే కనిపిస్తుంది.

---

డాలస్ పెరడు | ఏప్రిల్ 23, రాత్రి 9:58

మాది గుంటూరు జిల్లా, పదిహేనేళ్లుగా డాలస్‌లో ఉంటున్నాం. ఇక్కడ ఇది అందరికీ తెలిసిన బాధ. జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా పెద్ద టమాటలు కాయవు. రాత్రి 75 ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 24 దాటితే పిందె ఆగిపోతుందని ఇక్కడి తోటల సలహాదారులు చెబుతారు. అందుకే మార్చిలో నాటి జూన్‌కల్లా కాపు తీసుకుంటాం. జూలైలో కొత్త మొక్కలు పెట్టి అక్టోబరు కాపుకు చూస్తాం. చెర్రీ టమాటలు మాత్రం ఎండలో కూడా కొంత కాస్తాయి. మా గోంగూర, బెండ, అలసంద ఆ వేడిలోనే సంబరంగా పెరుగుతాయి.

నా సందేహం ఒకటే. పగలు 40 ఉన్నా రాత్రి చల్లగా ఉంటే పరవాలేదా? ఇక్కడ అందరూ రాత్రి గురించే మాట్లాడతారు.

---

విత్తన విద్యార్థి | ఏప్రిల్ 24, ఉదయం 7:30

నేను కూరగాయల ప్రజననం (కొత్త రకాల తయారీ) మీద పీజీ చేస్తున్నాను. డాలస్ పెరడు గారి ప్రశ్నకు టమాట విషయంలో "రాత్రి మాత్రమే" అనడం సరికాదు. అమెరికాలో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో మేరీ పీట్ బృందం 1997, 1998లో దీన్నే పరీక్షించింది. పగటి వేడి ఒకటి, రాత్రి వేడి ఒకటి మార్చి మార్చి చూశారు. రోజు మొత్తం సగటు ఎంత అన్నదే ముఖ్యమని తేలింది. సగటు 25 నుంచి 29కి పెరిగేకొద్దీ కాయల సంఖ్య, బరువు, గింజల సంఖ్య అన్నీ పడిపోయాయి. ఆ నాలుగు డిగ్రీల్లోనే అంతా ఉంది. మదనపల్లె అన్నకు పగలు 38, రాత్రి 25 అంటే సగటు 31 దాటింది.

అదే బృందం మగ వంధ్యత్వం ఉన్న టమాట మొక్కలు కూడా వాడింది. వాటికి సొంత పుప్పొడి ఉండదు కాబట్టి వేరే మొక్క నుంచి తెచ్చి అద్దాలి. అప్పుడు పుప్పొడి ఇచ్చే మొక్కను వేడిలో పెంచితే ఏమవుతుంది, అందుకునే మొక్కను వేడిలో పెంచితే ఏమవుతుంది అని విడివిడిగా చూడొచ్చు. పుప్పొడి తయారయ్యేటప్పుడు తగిలిన వేడే పెద్ద దెబ్బ. ఆడ భాగం వేడిని ఎక్కువ తట్టుకుంటుంది, అయితే వేడి రోజుల తరబడి ఉంటే అండాలూ దెబ్బతింటాయి.

అలసంద సంగతి వేరే. అది పగటి ఎండను ఓర్చుకుంటుంది, రాత్రి ఉక్కకు మాత్రం ఓడిపోతుంది. కాలిఫోర్నియా యూనివర్సిటీ, రివర్‌సైడ్‌లో ఆంథొనీ హాల్ దీని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. రాత్రి వేడిగా ఉంటే కేసరాల సంచులు పగలవు. అక్కడా దెబ్బ తగిలేది పువ్వు విచ్చడానికి వారం పైన ముందే. ఆ వేడిని తట్టుకునే రకాన్ని 1999లో కాలిఫోర్నియా బ్లాక్‌ఐ 27 పేరుతో విడుదల చేశారు. కాబట్టి పంటను బట్టి లెక్క మారుతుంది.

---

పందిరి కూరగాయలు | ఏప్రిల్ 24, ఉదయం 11:12

నాది సొర, బీర, కాకర. మాకు పుప్పొడి కంటే ముందు ఇంకో బాధ. ఎండలు ముదిరితే తీగ నిండా మగపూలే వస్తాయి. పోయినేడు సొరపందిరి కింద నిలబడి లెక్కపెట్టాను. 60 మగపూలకు 2 ఆడపూలు. వేడికి తోడు పగలు పొడవు పెరిగినా మగపూలు ఎక్కువవుతాయని శాస్త్రవేత్తలు చెప్పారు. అందుకని మేం తీగ 2 నుంచి 4 ఆకుల్లో ఉన్నప్పుడే లీటరుకు 3, 4 గ్రాముల బోరాక్స్ కొడతాం. ఆ దశ దాటాక కొడితే ఫలితం కనిపించలేదు.

చేతితో పుప్పొడి అద్దేవాళ్లు వేళ చూసుకోవాలి. సొర, బీర సాయంత్రం విచ్చుతాయి, కాకర, దోస పొద్దున్నే. పొద్దున ఎనిమిదింటికి సొరపువ్వుకు అద్దితే అప్పటికే అది వాడిపోయి ఉంటుంది.

---

పచ్చిమిర్చి పల్నాడు | ఏప్రిల్ 24, మధ్యాహ్నం 12:40

మా రెంటచింతల వేడి రాష్ట్రమంతా తెలుసు. వేసవి పచ్చిమిర్చిలో మేం చూసింది ఇంకోటి. పూత అంతా రాలదు. కొన్ని పిందెలు నిలబడతాయి, కాయ మాత్రం పొట్టిగా, వంకరగా, కోస్తే నాలుగైదు గింజలే. గింజ తక్కువైతే కాయ పెరగదని మా నాన్న అంటుండేవాడు. దీనికీ పుప్పొడే కారణమా?

---

సూక్ష్మదర్శిని | ఏప్రిల్ 24, సాయంత్రం 4:05

అదే కారణం. మీ నాన్నగారు చూసి చెప్పిన మాట నిజం. ఒక్కో గింజకు ఒక్కో పుప్పొడి కణం కావాలి. ఎదిగే గింజల నుంచే కాయ పెరగడానికి కావలసిన హార్మోన్లు వస్తాయి. గింజలు ఒక పక్కనే కడితే కాయ ఆ పక్కే ఉబ్బి, రెండో పక్క వంకర తిరుగుతుంది. టమాటలో అయితే పైకి గుండ్రంగా ఉన్నా లోపల బోలుగా, పలకలు తేలి ఉంటుంది. వేసవి కాయను అడ్డంగా కోసి గింజలు లెక్కపెట్టండి, చలికాలం కాయతో పోల్చండి. ల్యాబ్ అక్కర్లేని పరీక్ష అది.

వంకాయ రైతులకు కూడా ఒక మాట. వంగలో పొడవు కీలం ఉన్న పూలు, పొట్టి కీలం ఉన్న పూలు రెండూ వస్తాయి. పొట్టివి ఎటూ కాయ కట్టవు. ఆ రాలే పూలన్నీ వేడి ఖాతాలో వేయకండి.

---

మదనపల్లె టమాట | ఏప్రిల్ 24, రాత్రి 9:30

సార్, నేను భూతద్దం తెచ్చి చూశాను. విచ్చిన పువ్వు తీసి కేసరాల గొట్టాన్ని సూదితో చీల్చాను. లోపల తెల్లగా, ముడుచుకుపోయి ఉంది. మా ఆవిడ నల్ల జాకెట్టు గుడ్డ మీద దులిపాను, ఏమీ రాల్లేదు. చిన్నాన్న చేలో ఇప్పుడు వచ్చే పూలు కూడా చూశాను, అవీ అంతే! ఆయన కాపు ముందే పట్టేసింది కాబట్టి తెలియడం లేదు. నా చేలో పది పూలలో నాలుగింటికి ఆ దారం బయటికి పొడుచుకొచ్చి ఉంది.

ఇప్పుడు ఏం చేయమంటారు? పీకేసి వేరేది పెట్టమంటారా?

---

విత్తన విద్యార్థి | ఏప్రిల్ 24, రాత్రి 10:20

పీకొద్దు అన్నా. మొక్క బలంగా ఉంది, కొత్త మొగ్గలు రోజూ వస్తున్నాయి. ఒక్క వారం చల్లబడితే ఆ వారంలో పుట్టే పుప్పొడి బాగుంటుంది. మామిడి జల్లులు పడే రోజులు ఇవి. వాన పడేసరికి చెట్టు మీద చిన్న మొగ్గలు ఉండేలా చూసుకోవడమే ఇప్పుడు మన పని. ఆకులు తుంచొద్దు, మొగ్గకు నీడ ఆకే. యూరియా ఎక్కువైతే కొమ్మలే పెరుగుతాయి, ఆపు. నీళ్లు ఒకేసారి కాకుండా తక్కువ తక్కువగా ఎక్కువసార్లు వదులు. వచ్చే ఏడుకు షీటు వెండి రంగు పైకి ఉండేలా వేయి. నల్లరంగు పైకి వేస్తే మొక్క మొదట్లో వేడి పెరుగుతుంది.

---

మిద్దెతోట అక్క | ఏప్రిల్ 25, ఉదయం 8:10

షేడ్ నెట్ పనిచేస్తుందా? నేను 50 శాతం గ్రీన్ నెట్ కట్టాను, ఆకు మాడడం ఆగింది కానీ పిందె రాలేదు.

---

సూక్ష్మదర్శిని | ఏప్రిల్ 25, ఉదయం 10:02

నెట్ మధ్యాహ్నపు ఎండను తగ్గిస్తుంది, రాత్రి ఉక్కను పెద్దగా తగ్గించలేదు. పైగా మీ డాబా సిమెంటు పగలంతా వేడి తాగి రాత్రి కక్కుతుంది. కుండీలు సిమెంటు మీద కాకుండా కర్రల మీద ఎత్తుగా పెట్టి, సాయంత్రం ఎండ దిగాక నేల మీద నీళ్లు చల్లి చూడండి. టమాటకు 35 శాతం నెట్ చాలు. నీడ ఎక్కువైతే ఆకు చక్కెర తయారు చేయలేదు, అప్పుడు పుప్పొడికి తిండి మళ్లీ తక్కువే.

విత్తనం విషయంలో అట్ట మీద "వేడిని తట్టుకుంటుంది" అని రాసి ఉంటే, ఆకు తట్టుకుంటుందా, పిందె పడుతుందా అని అడగండి. ఆ రెండూ ఒకటి కావు. పచ్చగా నిలబడి ఒక్క కాయ కాయని మొక్కలు నేను వందలు చూశాను. ఢిల్లీ పూసా (భారత వ్యవసాయ పరిశోధన సంస్థ) వాళ్ల పూసా సదాబహార్, పూసా హైబ్రిడ్-1 ఎక్కువ రాత్రి వేడిలో కూడా పిందె పట్టడం కోసం ఇచ్చిన రకాలు. తైవాన్‌లో ఉన్న ప్రపంచ కూరగాయల కేంద్రం కూడా వేడిలో కాసే టమాట లైన్ల మీద దశాబ్దాలుగా పనిచేస్తోంది. వాళ్ల దక్షిణాసియా కేంద్రం మన పటాన్‌చెరు ఇక్రిశాట్ ఆవరణలోనే ఉంది. ఏ రకమైనా ముందు రెండు సాళ్లలో వేసి చూసి, తర్వాత ఎకరానికి వెళ్లండి.

---

మదనపల్లె టమాట | మే 20, రాత్రి 8:45

చాలా రోజులకు రాస్తున్నాను. మే 1 సాయంత్రం గాలివాన వచ్చింది. 20 కర్రలు పడిపోయాయి. కానీ తర్వాత 8వ తారీఖు దాకా మబ్బుగానే ఉంది, రాత్రి 20, 21 దాటలేదు, పగలు 31, 32. మందు ఏమీ కొట్టలేదు, నీళ్లు మాత్రం మీరు చెప్పినట్టు రెండు పూటలా కొంచెం కొంచెం వదిలాను.

సార్ లెక్క ప్రకారం 10వ తారీఖు నుంచి విచ్చే పూలు బాగుండాలి కదా. అందుకని 4వ తారీఖున విచ్చిన 50 పూలకు ఎర్రదారం, 12వ తారీఖున విచ్చిన 50 పూలకు తెల్లదారం కట్టాను. మా పాప దారాలు అందించింది. ఈ రోజు ఇద్దరం కలిసి లెక్కపెట్టాం. ఎర్రదారం కట్టినవాటిలో 4 పిందెలు, తెల్లదారం కట్టినవాటిలో 29. ఎర్రదారం పూలు విచ్చిన రోజు చల్లగానే ఉంది, అయినా రాలిపోయాయి. అది చూశాక నాకు పూర్తిగా నమ్మకం కుదిరింది.

12వ తారీఖు పువ్వును నల్లగుడ్డ మీద దులిపితే పసుపు గీత పడింది. ఫొటో తీశాను, రేపు పెడతాను. ఎకరంన్నరకు పూర్తి కాపు రాదు, పెట్టుబడిలో కొంతైనా వెనక్కి వస్తుంది. వచ్చే ఏడు జనవరి 10 లోపు నాటుతాను.

---

సూక్ష్మదర్శిని | మే 20, రాత్రి 9:30

4కు 29! బాబూ, ఆ నోటుబుక్కు పేజీ కూడా ఫొటో తీసి పెట్టు. తెల్లదారం కాయలు పండాక ఒక ఐదు కోసి గింజలు లెక్కపెట్టు, ఎర్రదారం కాయలు నాలుగింటినీ కూడా.

---

మదనపల్లె టమాట | మే 20, రాత్రి 9:41

తప్పకుండా సార్. ఆ నాలుగు కాయలూ ఎవరూ కోయకుండా మా పాప పక్కనే కర్రకు గుర్తు కట్టింది.